పెరటి చెట్టు మందు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనకో సామెత ఉంది. ఊరికే పుట్టిన సామెత కాదు. దొడ్లో నేలవేము, వాకిట్లో తులసి, గోడవారన నల్లేరు ఉన్న ఇంటివారే పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడగానే పొరుగూరి వైద్యుడి కోసం బండి కట్టించేవారు. చేతికందే దూరంలో ఉన్నదంటే మనకు చులకన. ఈ గుణం మనుషులకే కాదు, ప్రభుత్వాలకూ ఉంటుందని ఈమధ్య చింతల్లో ఒక మందుల షాపు ముందు నిలబడ్డప్పుడు నాకు తోచింది.

చింతల్ హైదరాబాదుకు ఉత్తరాన, కుత్బుల్లాపూర్ పరిధిలో ఉంది. బాలానగర్ నుంచి అటు వెళ్ళే సిటీబస్సులో కండక్టరు "ఐడీపీఎల్, ఐడీపీఎల్" అని కేక వేస్తాడు. దిగేవాళ్ళు దిగుతారు. ఆ నాలుగక్షరాల వెనక ఏముందో ఇప్పటి కుర్రవాళ్ళలో చాలామందికి తెలియదు. స్టాపు పేరనుకుంటారు, లేదా కాలనీ పేరనుకుంటారు. నిజానికి అదొక మందుల కర్మాగారం పేరు. కర్మాగారం పోయింది, పేరు మిగిలింది.

ఇంతకూ ఆ షాపు సంగతి. నాకంటే ముందున్న పెద్దాయన చీటీ చూపించి, "నెలకు రాసిండు గాని, పది రోజులకియ్యి బిడ్డా" అన్నాడు. షాపు కుర్రవాడు కత్తెర తీసి మాత్రల షీటును కత్తిరించి ఇచ్చాడు.

"మిగిలినవి ఎప్పుడు తీసుకుంటారు?" అని ఉండబట్టలేక అడిగాను.

"పింఛను రాంగనే తీస్కపోత సార్."

అవి రక్తపోటు మాత్రలు. పింఛను వచ్చేదాకా రక్తపోటు ఆగదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"బస్తీ దవాఖానాలో ఊరికే ఇస్తారు కదండీ?"

ఆయన నవ్వాడు. "ఊరికిచ్చేటిది పనిజేస్తదా సార్?"

ఆ మాట నన్ను వెన్నంటి వచ్చింది. వైద్యం సర్కారు బాధ్యతా, లేక డబ్బుపెట్టి కొనుక్కునే సరుకా అన్న వాదన రైలుపెట్టెల్లో, పెళ్ళి పందిళ్ళలో, కాఫీ హోటళ్ళలో మనం వింటూనే ఉంటాం. అందరికీ సర్కారే చూడాలని ఒకరు, సర్కారు చెయ్యి పెడితే పాలు విరిగిపోతాయని ఇంకొకరు. నేను ఏ పక్షమో చెప్పేముందు చింతల్, జీడిమెట్ల, మేడ్చల్, శామీర్‌పేటల కథ కొంచెం చెబుతాను. ఒక్క పూటలో చుట్టి రాగల దూరమే. ఆ వాదనలో ఉన్న సంగతులన్నీ ఈ చుట్టుపక్కలే జరిగాయి.

రోగిని చూడటం ప్రభువు పని అన్న ఆలోచన ఈ ఊరికి కొత్త కాదు. 1591లో హైదరాబాదుకు పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా, 1595లోనే దారుల్ షిఫా కట్టించాడు. అక్కడ యునానీ హకీములు రోగులను చూసేవారు, శిష్యులకు వైద్యం నేర్పేవారు. తరువాత నిజాముల కాలంలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వచ్చింది. 1908 మూసీ వరద దాన్ని ఊడ్చుకుపోతే, ఆ తరువాత ఉస్మానియా ఆసుపత్రి లేచింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇవన్నీ మంచి పనులే. అయితే ఇవి ప్రభువు దయతలచి చేసినవి. కోస్తా జిల్లాల్లో సర్కారు ఆసుపత్రిని ధర్మాసుపత్రి అనేవారు. ఆ పేరులోని ధర్మానికి దానమనే అర్థం. దానం తీసుకునేవాడు తలవంచుకునే తీసుకుంటాడు, నాణ్యం అడగడు.

ధర్మానికి కర్తవ్యమనే అర్థం కూడా ఉంది కదా! ఆ రెండో అర్థానికి ప్రపంచంలో బలం వచ్చింది రెండో యుద్ధం తరువాతనే. మన దేశంలో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన వేసిన సంఘం 1946లో నివేదిక ఇస్తూ, డబ్బులేని కారణాన ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని చెప్పింది. 1948 జులై 5న ఇంగ్లండులో జాతీయ వైద్య సేవ మొదలైంది. అందరూ పన్ను కడతారు, జబ్బు చేసినవాడు జేబు తడుముకోకుండా వెళతాడు. అక్కడ కూడా మూడేళ్ళు నిండకముందే డబ్బు పేచీ వచ్చింది. కట్టుడు పళ్ళకూ, కళ్ళజోళ్ళకూ రుసుము పెడుతున్నారని, ఆ సేవను నెలకొల్పిన మంత్రి అన్యూరిన్ బెవన్ 1951లో రాజీనామా చేశాడు. ఉచితమంటే ఖర్చు లేదని కాదు, ఎవరో ముందుగా కట్టారని అర్థం.

భోర్ సంఘం మాటలు బాగానే ఉన్నాయి. కాని ఆసుపత్రి కట్టి, డాక్టరును కూర్చోబెట్టినంత మాత్రాన సరిపోతుందా? చీటీ మీద రాసే మందు ఎక్కడి నుంచి రావాలి? స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మందుల వ్యాపారం చాలావరకు విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేది. 1911 నాటి పేటెంటు చట్టం వారికి కోటగోడ. 1959లో మొదలై సెనేటర్ కెఫావర్ ఆధ్వర్యంలో సాగిన అమెరికా సెనేట్ విచారణలో, కొన్ని మందుల ధరలు ప్రపంచంలోకెల్లా భారతదేశంలోనే ఎక్కువగా ఉన్నాయని బయటపడింది. బీదదేశం అందరికంటే ఎక్కువ ధర చెల్లిస్తోందన్న మాట!

దానికి జవాబుగా వచ్చినవాటిలో మన కుత్బుల్లాపూర్ కర్మాగారం ఒకటి. అంతకుముందే 1954లో పూనా దగ్గర పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ ఆరంభమైంది. 1961లో ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, అంటే ఐడీపీఎల్ ఏర్పడింది. సోవియట్ రష్యా సాయంతో రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్‌కు, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలకు, హైదరాబాదులో రసాయనిక మందులకు కర్మాగారాలు పెట్టారు. రాళ్ళూ తుప్పలూ ఉన్న నేల మీద వందల ఎకరాల్లో గోడ లేచింది. లోపల సల్ఫా మందులు, నొప్పి మందులు, బి-విటమిన్లు తయారయ్యేవి. మాత్రను అచ్చులో పోసి డబ్బాలో పెట్టడం పెద్ద విద్య కాదు. మాత్రలో ఉండే అసలు సరుకును రసాయనాల నుంచి తీయడమే విద్య. ఆ విద్య ఇక్కడ వందలమందికి చేతికి వచ్చింది.

విద్య వచ్చినా చట్టం అడ్డుపడితే లాభం లేదు గదా. 1970లో పార్లమెంటు కొత్త పేటెంటు చట్టం చేసింది. 1972 ఏప్రిల్ నుంచి అది అమలుకు వచ్చింది. మందు మీద పేటెంటు ఉండదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదనే ఉంటుంది. అదీ కొద్ది ఏళ్ళే. పులిహోర మీద ఎవరికీ గుత్త హక్కు లేదు, మీరు పోపు పెట్టే పద్ధతి ఒక్కటే మీది అన్నట్టు. వేరే దారిలో అదే మందు చేయగలిగినవాడికి దారి తెరుచుకుంది. 1970లోనే మందుల ధరలకు సర్కారు కళ్ళెం వేసింది. ఇక 1975లో జయసుఖ్‌లాల్ హాథీ సంఘం ఇంకా ముందుకు వెళ్ళి, అత్యవసరమైన 117 మందుల జాబితా వేసి, కంపెనీల పేర్లు మాన్పించి మందును దాని అసలు పేరుతోనే అమ్మించాలని కోరింది.

ఈ సమయంలోనే ఒక యువ రసాయన శాస్త్రవేత్త ఐడీపీఎల్‌లో పనిచేసేవాడు. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు. పూనాలో డాక్టరేటు చేసి 1969లో ఇక్కడ చేరి ఆరేళ్ళు ఉద్యోగం చేశాడు. తరువాత బయటికి వచ్చి భాగస్వాములతో కంపెనీలు పెట్టి, 1984లో తన పేరునే మరో కంపెనీ ప్రారంభించాడు. ఆయనే కల్లం అంజిరెడ్డి. ఆయన ఒక్కడే కాదు. చింతల్ గోడ లోపల పని నేర్చుకున్నవాళ్ళు ఎందరో అవతల జీడిమెట్ల పారిశ్రామికవాడలో, బొల్లారంలో చిన్నాపెద్దా మందుల ఫ్యాక్టరీలు పెట్టారు, కొందరు అక్కడ కొలువుకు చేరారు. ఐడీపీఎల్ నారుమడి అయితే, ఈ ప్రైవేటు ఫ్యాక్టరీలు నాట్లు. హైదరాబాదు ఇవాళ దేశానికి మందుల పట్టణమంటే మూలం అక్కడే ఉంది.

ప్రైవేటువారి ప్రతిభను తక్కువ చేసి మాట్లాడటం లేదు. సర్కారు మడిలో ఎదగని పైరు వాళ్ళ చేతిలో ఎదిగింది. రాత్రింబవళ్ళు కష్టపడ్డారు, అప్పులు తెచ్చారు, ఖర్చు తగ్గించారు, అమెరికాకు మందులు పంపే స్థితికి వచ్చారు. అటు ఐడీపీఎల్ మాత్రం పాతబడిన యంత్రాలతో, పనికి మించిన సిబ్బందితో, చేతిలో పెట్టుబడి ఆడక నీరసించింది. 1991 తరువాత విదేశీ సరుకు చౌకగా దిగసాగింది. 1992లో దాన్ని ఖాయిలా పడ్డ సంస్థగా ప్రకటించారు. కొన్నేళ్ళకు ఉత్పత్తి ఆగిపోయింది. 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం సంస్థను మూసివేయాలని నిర్ణయించింది. పెరటి చెట్టుకు నీళ్ళు పోయడం మనమే మానేశాం, తరువాత ఎండిపోయిందని మనమే తీర్పు చెప్పాం.

పోతే పోయింది, ప్రైవేటువారు ఉన్నారుగా అనవచ్చు. ఉన్నారు. కాని వ్యాపారి లాభం ఉన్నచోటనే ఉంటాడు, అది అతని తప్పు కాదు. చైనా నుంచి చౌకసరుకు వస్తుంటే ఇక్కడ పెన్సిలిన్ ముడిసరుకు చేయడం గిట్టుబాటు కాక మానేశారు. 2020లో కరోనా వచ్చి ఓడలు ఆగినప్పుడు గాని ఆ ముప్పు ఎంతటిదో అర్థం కాలేదు. అప్పుడు సర్కారు 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. 2024లో కాకినాడ దగ్గర పెన్సిలిన్ ముడిసరుకు తయారీ మళ్ళీ మొదలైంది. వదిలేసిన పనికి తిరిగి సర్కారే డబ్బు పెట్టాల్సి వచ్చింది.

ఇంకో లెక్క కూడా ఉంది, అది ఏ బిల్లులోనూ కనబడదు. బాలానగర్, జీడిమెట్ల ఫ్యాక్టరీల మురుగు కూకట్‌పల్లి నాలా గుండా హుస్సేన్‌సాగర్ చేరేది. ఇందులో సర్కారు ఫ్యాక్టరీ, ప్రైవేటు ఫ్యాక్టరీ అన్న తేడా లేదు. దేశానికి మందు చౌకగా దొరికితే, ఆ చౌకకు కొంత మూల్యం ఈ చుట్టుపక్కల బావుల నీళ్ళు కట్టాయి. కాలుష్యానికి పగ్గం వేయవలసింది కూడా సర్కారే. ఆ పగ్గం చాలాకాలం వదులుగానే ఉంది.

ఇక బస్సు దిగి మేడ్చల్ వైపు వెళదాం. 1993లో కె.ఐ. వరప్రసాదరెడ్డి శాంతా బయోటెక్నిక్స్ పెట్టాడు. కామెర్ల జబ్బు హెపటైటిస్-బి టీకా అప్పట్లో విదేశాల నుంచే వచ్చేది. ఒక మోతాదు ఏడెనిమిది వందల రూపాయలు. ముగ్గురు పిల్లలున్న గుమాస్తా మూడేసి మోతాదులు వేయించాలంటే ఏమయ్యేదో మీరే లెక్క వేసుకోండి. 1997లో శాంతావారి టీకా వచ్చింది. ధర యాభై రూపాయల దాకా దిగింది. ఇది ప్రైవేటువారి ఘనతే, సందేహం లేదు. కాని ఆ పరిశోధనకు చోటిచ్చినవాటిలో హైదరాబాదులోని సర్కారు పరిశోధన సంస్థ సీసీఎంబీ ఒకటి. అంతే కాదు, ఆ టీకా పల్లెటూరి అంగన్‌వాడీలో తల్లి ఒళ్ళో ఉన్న బిడ్డ దాకా చేరింది సర్కారు టీకాల కార్యక్రమంలో చేర్చిన తరువాతనే. 2011 నాటికి గాని అది దేశమంతటికీ విస్తరించలేదు. ధర తగ్గించింది ఒకరు, గడప దాటించింది ఇంకొకరు.

శామీర్‌పేట దగ్గర తుర్కపల్లిలో జరిగిన సంగతి ఇంకా స్పష్టమైనది. 1996లో పుట్టిన భారత్ బయోటెక్ కంపెనీ, సర్కారువారి వైద్య పరిశోధన మండలితో కలిసి కరోనాకు కోవాక్సిన్ తయారుచేసింది. 2021 ఏప్రిల్‌లో ఆ టీకాకు మూడు ధరలు వచ్చాయి. కేంద్రానికి 150 రూపాయలు. రాష్ట్రాలకు మొదట 600, విమర్శలు వచ్చాక 400. ప్రైవేటు ఆసుపత్రులకు 1,200. అదే సీసా, అదే మందు, అదే సూది. శామీర్‌పేట చెరువుకట్ట మీద నిలబడి కేక వేస్తే వినబడే దూరంలో తయారైన టీకా, పక్క ఊళ్ళోని కూలీవాడికి ఏ ధరకు దొరకాలన్నది ఎవరు కొంటున్నారన్నదాన్ని బట్టి ఉంది. రెండు నెలలు దేశమంతా గగ్గోలు. చివరకు జూన్ 21 నుంచి కేంద్రమే ఎక్కువ భాగం కొని పద్దెనిమిదేళ్ళు దాటిన అందరికీ ఉచితంగా ఇచ్చింది. అందరి తరఫునా ఒక్కరే బేరమాడితే ధర దిగుతుందని చెప్పడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు, సంతకు వెళ్ళే ప్రతి ఇల్లాలికీ తెలుసు.

ఆ మేడ్చల్ దారిలోనే దేవరయాంజాల్ ఉంది. 108 అంబులెన్సు సేవకు కేంద్రస్థానం అక్కడే నెలకొంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆ సేవ ప్రైవేటు విరాళంతో మొదలైంది. కొద్దికాలానికే ఖర్చు సర్కారు భరించసాగింది. 2009లో నిర్వాహకులు మారారు గాని బండి ఆగలేదు, ఎందుకంటే డబ్బు ఖజానా నుంచి వస్తోంది. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ఇలాంటి కలగూరగంపే. ఆపరేషన్ ప్రైవేటు ఆసుపత్రిలో, బిల్లు సర్కారు పద్దులో. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆ పరిమితిని పది లక్షలకు పెంచారు. ఎందరికో ప్రాణం పోసిన పథకమది. అయితే ఒక చిక్కు ఉంది. గుండె పట్టేస్తే లక్షలు ఇచ్చే పథకం ఉంది. గుండె పట్టకుండా రోజూ వేసుకునే మాత్రకు మాత్రం మన పెద్దాయన జేబే దిక్కు.

జాతీయ లెక్కల ప్రకారం 2013-14లో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో 64 శాతానికి పైగా ప్రజలు సొంత జేబు నుంచి పెట్టారు. 2021-22 నాటికి అది 39 శాతం చిల్లరకు దిగింది. బాగుపడ్డాం, కాదనను. కాని అదే ఏడాది ప్రభుత్వాలన్నీ కలిసి వైద్యం మీద పెట్టింది దేశాదాయంలో రెండు శాతం లోపే. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం 2025 కల్లా రెండున్నర శాతం కావాలని రాసుకుంది.

సరే, నేను ఏ పక్షమో చెబుతానన్నాను కదా. బజారులో బెండకాయ కొనేటప్పుడు కొస తుంచి చూస్తాం. ముదురైతే పక్క బండి దగ్గరకు వెళతాం. మాత్రను ఎలా తుంచి చూస్తాం? డాక్టరు రాసిన పరీక్ష అవసరమో కాదో ఎవర్ని అడుగుతాం? కడుపునొప్పితో మెలికలు తిరిగేవాడు నాలుగు షాపుల్లో బేరమాడగలడా? 1963లో కెనెత్ యారో అనే అమెరికా ఆర్థికవేత్త ఇదే విషయాన్ని పెద్ద వ్యాసంగా రాశాడు. కొనేవాడికి సరుకు మంచిచెడ్డలు తెలియని చోట బజారు తనంతట తాను న్యాయం చెయ్యలేదని దాని సారాంశం. అక్కడ పూచీపడేవాడు ఒకడు కావాలి. ఫ్యాక్టరీ ఎవరిదైనా కానీండి, ఆసుపత్రి ఎవరిదైనా కానీండి. ధరకు, నాణ్యానికి, చిట్టచివరి ఇంటికి చేర్చడానికి పూచీ మాత్రం సర్కారుదే. ఆ పూచీని కౌలుకిచ్చే వీలు లేదు. పూచీ గట్టిగా ఉన్న రోజుల్లోనే జీడిమెట్ల ప్రైవేటువారు కూడా ఎదిగారని ఈ దారి చరిత్ర చెబుతోంది.

పెద్దాయనతో ఆ రోజు ఇంకొక్క మాట మాట్లాడాను. "సర్కారు మాత్రలంటే అంత అపనమ్మకం ఎందుకండీ?" అని అడిగాను. ఆయన కత్తిరించిన షీటును చొక్కా జేబులో పెట్టుకుని, రోడ్డు అవతలి గోడ వైపు చెయ్యి చూపాడు.

"నా సర్వీసంత అండ్లనే సార్. మేం జేసిన గోలీలు సర్కారువే. మా పిల్లలకు గవ్వే ఏసినం. ఎవరు జేస్తున్నరో, ఎట్ల జేస్తున్నరో కండ్లతోని చూసినం గాబట్టి నమ్మినం. ఇప్పుడు ఎవరు జేస్తున్నరో నాకేం తెలుస్తది? పైసలు ఎక్కువుంటే మంచిదే ఉంటదేమో అనుకుంట, అంతే."

ఎక్కువ ధరే నాణ్యానికి గుర్తు అనుకోవలసి రావడం కంటే బీదవాడికి పెద్ద నష్టం ఏముంటుంది? ఆ షీటులోని మందును దాని అసలు పేరుతో అడిగితే, జన ఔషధి దుకాణంలో చాలా తక్కువకు వచ్చి ఉండేది. హాథీ సంఘం 1975లో చెప్పింది ఈ మాటే. ఆయనకు చెప్పాను. వింతగా చూశాడు. "గట్లనా? కాయితం మీద రాసియ్యి సార్" అన్నాడు. మందు అసలు పేరు తెలుగులో రాసిచ్చాను. చదువుకుని, మడిచి, మాత్రలు పెట్టిన జేబులోనే పెట్టుకున్నాడు. అంతలో బస్సు వచ్చింది. కండక్టరు "ఐడీపీఎల్, ఐడీపీఎల్" అని కేక వేస్తున్నాడు.